మహీనుని గుర్రాల తొలి అడుగు

1977లో కలకత్తా నుంచి ‘సంవిగ్న పాఖికుల్ ఓ కొల్‌కాతా విషయక్’ అనే చిన్న రికార్డు వెలువడింది. గౌతమ్ చటోపాధ్యాయ మొదలైన ఏడుగురు యువకుల ‘మొహీనేర్ ఘొడాగులి’ బృందానికి అది తొలి కృతి. ‘మహీనుని గుర్రాలు’ అని అర్థమిచ్చే ఆ పేరు జీవనానంద దాసు కవిత నుండి గ్రహించినది.

వీరు పాశ్చాత్య రాక్ సంగీతాన్ని అనుకరించి ఊరుకోలేదు. దానికి బావుల్ గానపు జీరను జోడించి, తమ నగరపు కలతను తమ భాషలోనే పలికించారు. సినిమా పాటకు అలవాటుపడిన నాటి శ్రోతలలో అధికులకు ఆ గొంతు కొరుకుడుపడలేదు. మరి రెండు రికార్డుల అనంతరం, 1981లో బృందం విడిపోయింది. 1995లో గౌతమ్ కూర్చిన ‘ఆబార్ బొఛొర్ కుడి పొరే’ సంకలనంలో కొత్త తరం గాయకులు గొంతు కలిపారు. ‘మళ్లీ ఇరవై ఏళ్ల తరువాత’ అన్న ఆ శీర్షికలోనే ఆలస్యం ధ్వనిస్తుంది. 1999లో గౌతమ్ కన్నుమూశారు.

తొలి రికార్డులో పరిణతిని మాత్రమే వెదకడం పొరపాటు. కొత్త గొంతును సకాలంలో గుర్తించడం విమర్శకుని ధర్మం. ఆలస్యంగా అందిన మెప్పు పాటను బ్రతికించగలదు గాని, పాడవలసిన ఏళ్లను గాయకులకు తిరిగి ఇవ్వలేదు.