గొంతుకు తూకం వేసినవాళ్లు

స్కిజోఫ్రీనియా ఎందుకొస్తుందంటే మన ఇళ్లలో జవాబులకు కొదవ లేదు. గాలి సోకింది, ఎవరో చేయించారు, పరీక్ష పోయిన బెంగతో ఇలా అయ్యాడు, తల్లి గారాబం చేసి చెడగొట్టింది. ఈ చివరి మాట మనకొక్కళ్లకే సొంతం కాదు. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే పేరున్న మనోవిశ్లేషకురాలు, బిడ్డలో ఈ జబ్బును పుట్టించే తల్లి ఒక తరహా ఉంటుందని రాసింది. అమెరికాలో ఆ మాట ఇట్టే పాకింది. 1956లో గ్రెగరీ బేట్సన్ బృందం ఇంకో అడుగు వేసింది. నోటితో దగ్గరికి రమ్మంటూ ఒంటితో దూరం జరిగే ఇళ్లలో, ఏం చేసినా తప్పయ్యే బిడ్డకు మతి చెదురుతుందని చెప్పింది. రెండూ తెలివైన ఊహలే. రెండింటికీ ఒకటే లోటు. ఇలాంటి తల్లులు జబ్బు లేని ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క చూసిన పాపాన వాళ్లు పోలేదు.

జార్జ్ బ్రౌన్ వేరే చోట మొదలుపెట్టాడు. ఆయన డాక్టరు కాదు, సామాజిక శాస్త్రవేత్త. లండన్‌లో ఆబ్రీ లూయిస్ 1948లో నెలకొల్పిన సోషల్ సైకియాట్రీ పరిశోధన విభాగంలో పనిచేసేవాడు. అప్పుడే క్లోర్‌ప్రోమజిన్ మాత్రలు వచ్చాయి, ఏళ్ల తరబడి వార్డుల్లో మగ్గినవాళ్లు ఇళ్ల దారి పడుతున్నారు. కొందరు కొన్నాళ్లకే మళ్లీ ఆస్పత్రి గుమ్మంలో తేలుతున్నారు. ఎవరు వాళ్లు? కార్‌స్టెయిర్స్, టాపింగ్‌లతో కలిసి 1958లో లాన్సెట్‌లో వేసిన వ్యాసంలో, డిశ్చార్జయిన 229 మంది మగవాళ్ల సంగతి చూశారు. అమ్మానాన్నల దగ్గరికో భార్య దగ్గరికో చేరినవాళ్ల కంటే అద్దె గదుల్లో దిగినవాళ్లు, తోబుట్టువుల పంచన ఉన్నవాళ్లు నయంగా ఉన్నారు. తల్లి దగ్గరున్నా సరే, ఆమె గానీ కొడుకు గానీ పగలు పనికి వెళ్లే ఇంట్లో జబ్బు తిరగబెట్టడం తక్కువ.

అక్కడే ఆగి "చూశారా, తల్లే కారణం" అనేస్తే ఎంత తేలిక! అనడానికి జనం సిద్ధంగా ఉన్నారు కూడా. బ్రౌన్ అనలేదు. ఇంట్లో ఉండే ఆ ఏదో ఒకటి ఏమిటో కొలవడానికి పనిముట్టు చేసుకోవడంలో పడ్డాడు. ఆ పనికే ఏళ్లు పట్టింది. నేను మెచ్చుకునేదీ ఆ పనిముట్టునే.

దాన్ని క్యాంబర్‌వెల్ ఫ్యామిలీ ఇంటర్వ్యూ అంటారు. దాని వెనక ఆలోచన 1966లో బ్రౌన్, మైకేల్ రటర్ కలిసి రాసిన వ్యాసంలో ఉంది. ఇంటి గురించి తెలుసుకోవలసినవి రెండు రకాలని వాళ్లు పట్టుకున్నారు. ఒకటి జరిగిన సంగతి, రెండోది చెప్పేవాళ్ల మనసు. సంగతిని గుచ్చి గుచ్చి అడగాలి. "తరచూ గొడవలవుతాయా" అని కాదు, గడిచిన మూడు నెలల్లో ఎన్నిసార్లయ్యాయి, చివరిసారి ఎప్పుడు, ఎవరేమన్నారు అని. మనసును మాత్రం అడగకూడదు. "మీ అబ్బాయి మీద మీకు కోపమా" అంటే ఏ తల్లి అవునంటుంది? సంగతులు చెప్పిస్తూ పోతే మనసు దానంతటదే గొంతులోంచి జారుతుంది. దాన్ని టేపులో పట్టుకోవాలి.

రోగి ఆస్పత్రిలో చేరిన కొద్దిరోజుల్లోనే ఇంటివాళ్లలో ఒకరిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఇంటిపనులెవరు చేస్తారు, డబ్బెవరి చేతిలో, ఎవరు దేనికి విసుక్కుంటారు, మామూలు వారంలో ఏ గంట ఎవరెక్కడ గడుపుతారు. మొదట్లో ఇది నాలుగైదు గంటలు సాగేది. తర్వాత టేపులను వినేవాళ్లకు అసలు పని మొదలవుతుంది.

ఒక తల్లి "పొద్దున పదింటిదాకా లేవడు" అందనుకుందాం. మామూలు గొంతుతో అంటే అది కబురు, లెక్కలోకి రాదు. అదే మాట స్వరం పెంచి, పళ్లు కొరుకుతూ "పదింటిదాకా లేవడూ" అని సాగదీస్తే విమర్శ, ఒకటి వేసుకోవాలి. గొంతు మారకపోయినా "ఆ పడక చూస్తే నాకు ఒళ్లుమంట" అంటే మాటలోనే విమర్శ ఉంది, అదీ ఒకటే. ఆ పడక మీదే అయిదు నిమిషాలు ఏకరువు పెట్టినా ఒకటే. విషయం మారినా, అడిగేవాళ్లు మధ్యలో ప్రశ్న వేసినా లెక్క మళ్లీ మొదలవుతుంది. వాగుడుకాయ అయినంత మాత్రాన ఎవరికీ లెక్క పెరగకుండా పెట్టుకున్న కట్టుబాటు ఇది.

ద్వేషాన్ని కొలిచే మెట్లు ఇంకా సన్నం. "తిన్న పళ్లెం అక్కడే వదిలేస్తాడు, చిరాకేస్తుంది" అన్నది పళ్లెం గురించిన విమర్శ. "ఒట్టి పనికిమాలినవాడు" అంటే పళ్లెం దాటి మనిషి మీదికి వెళ్లింది, ఒక మార్కు. "వాడి మొహం చూడాలని లేదు" అంటే మనిషినే వద్దనుకోవడం, రెండు. రెండూ ఉంటే మూడు. అతిగా అంటిపెట్టుకోవడానికి, అంటే బిడ్డకోసం తన తిండీ నిద్రా మానుకుని పెద్దవాణ్ణి పసివాడిలా సాకడానికి, సున్నా నుంచి అయిదుదాకా మరో కొలత. మెచ్చుకోలు మాటలకు వేరే లెక్క, ఆప్యాయతకు వేరే మార్కులు. కోపాన్నీ ప్రేమనూ ఒకే కర్రకు రెండు కొసలుగా పెట్టలేదు వీళ్లు. తిట్టే తల్లి ప్రేమించదని అనుకోలేదు. మనిషిని ఎరిగినవాళ్లే అలా కొలత గీయగలరు.

ఇవన్నీ వినేవాళ్ల ఇష్టానికి వదిలేస్తే ఏ విలువా ఉండేది కాదు. ఒకే టేపు విన్న ఇద్దరు ఒకే అంకె దగ్గరికి వచ్చేదాకా తర్ఫీదు ఇచ్చారు. మనిషి చెవిని అంత నమ్మకంగా సానపట్టిన పరిశోధన నాకు మరొకటి తెలీదు.

1972లో బ్రౌన్, బర్లీ, వింగ్ ఫలితం ప్రకటించారు. 101 మంది రోగులు, తొమ్మిది నెలలు. విమర్శలు, ద్వేషం, అతిగా అంటిపెట్టుకోవడం ఎక్కువున్న ఇళ్లలో 58 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, తక్కువున్న ఇళ్లలో 16 శాతానికి. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అదే పనిని మళ్లీ చేసి, ఇంటర్వ్యూను గంటా రెండు గంటలకు కుదించారు. ఎటూ విమర్శల్లో ఎక్కువ భాగం మొదటి గంటలోనే రాలిపోతున్నాయని గమనించారు మరి. పాత లెక్కతో కలిపితే 128 మంది. అందులో విమర్శలెక్కువున్న ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడుపుతూ మందులు వాడనివాళ్లలో 92 శాతం మందికి తిరగబెట్టింది. అదే ఇంట్లో మందులు వాడితే 53, గంటలు తగ్గితే 42, మందులూ వాడి గంటలూ తగ్గితే 15. విమర్శలు తక్కువున్న ఇళ్లలో మందులు వాడినవాళ్లు 12, వాడనివాళ్లు 15.

మెట్లు దిగినట్టు దిగే ఆ అంకెలను చూసి మురిసిపోకుండా ఉండటం కష్టమే. అయినా రెండు చోట్ల నా చెయ్యి ఆగుతుంది. 1972లో ఏడు విమర్శలుంటే ఎక్కువ అన్న గీత, 1976కి ఆరుకు దిగింది. ఫలితం చూశాక గీత జరిపితే ఎంత నిజాయితీపరుల మీదయినా కన్ను పడుతుంది. రెండోది, మందులు ఎవరు వాడాలో వాళ్లు చీటీలు తీసి నిర్ణయించలేదు, మానేసినవాళ్లు తమంతట తామే మానేశారు. కాబట్టి ఆ 12, 15 చూసి ప్రశాంతమైన ఇంట్లో మందులక్కర్లేదని ఎవరైనా అనుకుంటే ప్రమాదం.

దేన్ని విమర్శిస్తున్నారన్నది కూడా వాన్, లెఫ్ విడదీసి చూశారు. వినపడని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు, వీటి మీద విసుర్లు తక్కువ. అవి జబ్బని ఇంటివాళ్లకు తెలుస్తూనే ఉంది. ఎక్కువ పడేది బద్ధకం మీద, మూగతనం మీద, స్నానం చేయకపోవడం మీద, ఎవరేమన్నా ఉలకకపోవడం మీద. అవీ ఈ జబ్బు లక్షణాలే. ఇంటివాళ్ల కళ్లకు మాత్రం అవి పొగరుగానో సోమరితనంగానో కనిపిస్తాయి.

ఇంత చేతికొచ్చినా జబ్బు పుట్టుకకు ఇల్లే కారణమని వీళ్లు అనలేదు. తిరగబెట్టడం గురించి మాత్రమే మాట్లాడారు. ముందొచ్చిన సిద్ధాంతాలకూ దీనికీ పనితనంలో తేడా అదే. 1968లో బ్రౌన్, బర్లీ జీవితంలో పడే దెబ్బల గురించి చేసిన పనిలోనూ ఇదే పట్టింపు. జబ్బు వల్లే జరిగి ఉండగల సంఘటనలను, ఉదాహరణకు ఉద్యోగం ఊడటాన్ని, పక్కకు తీసి, రోగితో సంబంధం లేకుండా వచ్చిపడినవే లెక్కించారు. జబ్బు మొదలవడానికో ముదరడానికో ముందరి మూడు వారాల్లో అలాంటివి దాదాపు సగం మందికి ఎదురయ్యాయి. అంతకు ముందరి వారాల్లో అంత లేవు.

పనిముట్టు మంచిదైతే దాని గతి ఎప్పుడూ మంచిగా ఉంటుందని కాదు. ఆస్పత్రుల్లో ఈ కొలత తిట్టుమాటగా మారిన రోజులున్నాయి. "ఆ ఇల్లు ఎక్కువ మార్కులది" అంటే చాలు, ఏళ్లుగా చాకిరీ చేసి అలిసిన తల్లి దోషిగా నిలబడేది. తెగని జబ్బే ఇంటివాళ్లను విసిగించి ఉండొచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనది, ఇప్పటికీ పూర్తిగా తీరలేదు.

మన దేశంలో ఈ చెవి పనిచేస్తుందా అని చూసింది చండీగఢ్‌లో. ఎన్.ఎన్. విగ్, డి.కె. మీనన్, లెఫ్ బృందాలు 1987లో ఫలితాలు వేశాయి. విమర్శల లెక్క, ద్వేషం కొలత హిందీలోకి చక్కగా దిగాయి. లండన్ ఇళ్లతో పోలిస్తే ఇక్కడ విమర్శలు తక్కువ, పల్లెల్లో మరీ తక్కువ. మెచ్చుకోలు మాటలూ తక్కువే. ఈ సంగతి చదివి నవ్వుకున్నాను, మనం బిడ్డల ముందు పొగడకపోవడం లండన్ కొలతకు కూడా చిక్కిందన్నమాట. ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టడంతో ముడిపడింది ముఖ్యంగా ద్వేషం.

ఇల్లు మారితే జబ్బు తీరు మారుతుందా? దీన్ని 1982లో లెఫ్ బృందం పరీక్షకు పెట్టింది. విమర్శలెక్కువున్న ఇళ్ల నుంచి 24 మంది రోగులను తీసుకుని, అందరికీ మందులిస్తూ, చీటీలేసి రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇళ్లకు జబ్బు గురించి చెప్పారు, ఇంటికి వెళ్లి మాట్లాడారు, బంధువులను కలిపి కూర్చోబెట్టారు. ఆ కూటమిలోకి విమర్శలు తక్కువున్న ఇళ్లవాళ్లనూ పిలిచారు. కొడుకు పదింటిదాకా లేవకపోతే తానేం చేస్తుందో ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పాలని. తొమ్మిది నెలలకు మామూలు జట్టులో సగం మందికి తిరగబెట్టింది, ఈ జట్టులో ఒక్కరికి. ఇప్పుడు బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా చికిత్స మార్గదర్శకాల్లో కుటుంబంతో కనీసం పది సిట్టింగులు ఒక సిఫారసు. వాటికి ఇంటివాళ్లతోపాటు రోగినీ వీలైనంతవరకు కూర్చోబెట్టమంటారు.