చూశామా, చూసేశామా

ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు మన దగ్గర ఎక్కువగా వాడే మాట "చూసేశాం". అరకు చూసేశాం, ఊటీ చూసేశాం, ఒక్క రోజులో తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి చూసేశాం. బాకీ కట్టేశాం, బట్టలు ఉతికేశాం అన్నట్టే ఇదీ. పని పూర్తయింది, ఇక దాని జోలికి పోనక్కర్లేదు అన్న అర్థం ఆ క్రియ చివర కూర్చుని ఉంటుంది. ఈ ఫాల్గుణంలో ఆరు రోజులు సముద్రం పక్కన గడిపి వచ్చాను. అప్పటినుంచి ఆ మాట నా నోట రావడం లేదు.

2005 వేసవిలో విశాఖపట్నాన్ని మేమూ చూసేశాం. పిల్లలిద్దరూ బడికి వెళ్ళే వయసు. ఊరు తిప్పి చూపించే మినీబస్సులో ఉదయం ఏడింటికి ఎక్కాం. సింహాచలం, కైలాసగిరి, రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకి చేర్చి మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి, రుషికొండ. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రమించిన ఓడ. దాని లోపల మాకు దొరికింది పావుగంట. నావికులు పడుకునే ఇరుకు బల్లలు చూసి మా అబ్బాయి ఏదో అడగబోతుంటే వెనకనుంచి "నడవండి, నడవండి" అని తొందర. భీమిలి కూడా చూపిస్తామన్నారు గాని, పొద్దుపోయిందని బస్సు వెనక్కి తిప్పేశారు. ఆ రోజు రీలు నిండా 36 ఫొటోలు తీశాం. మొన్న ఆల్బం తీసి చూస్తే సముద్రం ఒక్కటే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. అన్నింట్లోనూ దానికి అడ్డంగా మేం నిలబడి ఉన్నాం.

మా వారు కిందటేడు ఉద్యోగ విరమణ చేశారు. పిల్లలు చెరో ఊళ్ళో ఉన్నారు. పెళ్ళికో, మొక్కు తీర్చుకోవడానికో, ఎవరికో ఒంట్లో బాగాలేదనో కాకుండా, ఇద్దరమే కలిసి ఊరికే వెళ్ళిన ప్రయాణం మా 31 ఏళ్ళ కాపురంలో ఇదే మొదటిది. ఆయన జీవితమంతా లెక్కలు చూసిన మనిషి కాబట్టి జాబితా పెద్దదే రాస్తారనుకున్నాను. ఒక్క వాక్యం రాసి చూపించారు: రోజుకి ఒక్క చోటు, పొద్దునా సాయంత్రం అక్కడికే. విశాఖ స్టేషన్ బయట టాక్సీ అబ్బాయి "ఎనిమిది పాయింట్లు సార్, మూడు గంటల్లో చూపించేస్తా" అన్నాడు. ఆయన నవ్వి, సంచీ భుజాన వేసుకుని సిటీ బస్సు వైపు నడిచారు.

పొద్దునా సాయంత్రం అన్న నియమం తూర్పు తీరానికి చక్కగా కుదురుతుంది. సినిమాల పుణ్యమా అని సముద్రంలోకి సూర్యుడు దిగడం అందరికీ తెలుసు. అది పడమటి తీరం దృశ్యం. మన బంగాళాఖాతంలో సూర్యుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు, సాయంత్రం మన వీపు వెనక తూర్పు కనుమల మీదికి దిగుతాడు. అందుకని సాయంత్రమైతే చాలామంది ఇక ఏమీ లేదనుకుని లేచిపోతారు. అప్పుడే సముద్రం మారుతుంది. కొండల నీడ ముందు రోడ్డు మీద, తర్వాత ఇసుక మీద, ఆపైన అలల మీద పడుతుంది. దూరాన పడవలు మాత్రం ఇంకా ఎండలోనే ఉంటాయి. పది నిమిషాల్లో ఆ ఎండ కూడా వెళ్ళిపోయి నీళ్ళు కాసేపు గులాబీరంగులో, ఆ తర్వాత సీసంలా ఉంటాయి. పొద్దున చూసిన చోటే కూర్చుంటే తప్ప ఈ మార్పు పట్టుబడదు.

విశాఖ నుంచి భీమిలి దాకా సుమారు 30 కిలోమీటర్ల దారి. మొదటిరోజు తొట్లకొండ. కొండరాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1970లలో నౌకాదళంవాళ్ళు విమానం మీంచి సర్వే చేస్తున్నప్పుడు ఇక్కడి శిథిలాలు కంటబడ్డాయి. 1988 తర్వాత జరిగిన తవ్వకాల్లో బౌద్ధ విహారం, స్తూపం, చైత్యాలు, శాతవాహనుల నాణేలు, రోమన్ నాణేలు బయటపడ్డాయి. రోమన్ నాణెం ఈ కొండ ఎక్కిందంటే ఆ భిక్షువుల పోషణలో సముద్ర వ్యాపారుల చెయ్యి ఉందన్నమాట. మేం వెళ్ళింది నిండు ఎండాకాలం కాకపోయినా తొమ్మిదింటికే రాయి కాలుతోంది. ఒక తొట్టి గట్టు మీద చెట్టునీడ చూసుకుని కూర్చున్నాం. "వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఊళ్ళు తిరక్కుండా ఒక్కచోటే ఉండిపోవాలి కదూ" అన్నారాయన. వర్షావాసం అంటారు దాన్ని. మూడు నెలలు ఈ గట్టు మీంచి ఇదే సముద్రం. నల్లమబ్బు ఎటునుంచి వస్తుందో, ఏ నెలలో ఏ గాలికి ఓడ బయల్దేరుతుందో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలిసి ఉంటుంది?

రెండో రోజు ఎర్రమట్టి దిబ్బలు. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా చాలా వెనక్కి పోయినప్పుడు బయటపడిన ఇసుకని గాలి లోపలికి మోసుకొచ్చి పోసింది. ఇసుకరేణువుల మీద ఇనుము తుప్పు పూతలా పట్టి ఎర్రబారింది. వానపాయలు దాన్ని కోసి ఈ సందులూ గోడలూ చేశాయి. ఇక్కడ నేను గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. పొద్దున వెళ్ళినప్పుడు ఎవరో కుర్రాళ్ళు ఆ గోడ మీద పేర్లు చెక్కుతున్నారు. చేత్తో గీస్తే రాలిపోయే ఇసుక అది. గాలికీ వానకీ వేల ఏళ్ళు పట్టిన పని. దయచేసి ముట్టుకోకండి. గోడలెక్కకండి. దోసెడు ఎర్రమట్టి గుర్తుగా ఇంటికి తెచ్చుకోకండి.

భీమిలిలో రెండు రాత్రులున్నాం. పెద్దగా సందడి లేని ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం పెట్టారు. 1825 నాటికి ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. డచ్చివాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి, పిరమిడ్లలా పైకి సన్నబడే కట్టడాలు. వాటి మధ్య నిలబడితే అలల చప్పుడు వినిపిస్తుంది. ఎక్కడి హాలండు, ఎక్కడి గోస్తనీ నది! బట్టల మూటల కోసం వచ్చి ఈ ఉప్పుగాలిలో ఉండిపోయారు.

గోస్తనీ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. మూడో రోజు ఉదయం అక్కడికి దగ్గర్లో ఒడ్డునుంచి లాగే పెద్ద వల వేస్తున్నారు. నేను మొదటినుంచి చివరిదాకా ఎప్పుడూ చూడని పని. వల తాడు ఒక కొస ఒడ్డున కొందరు పట్టుకుంటారు. పడవ వలని దించుకుంటూ సముద్రంలోకి అర్ధచంద్రంలా తిరిగి, దూరాన మళ్ళీ ఒడ్డుకొచ్చి రెండో కొస ఇంకో జట్టుకి అందిస్తుంది. అక్కడినుంచి రెండు జట్లూ లాగడం మొదలుపెడతాయి. లాగుతూ లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. ముందున్నవాడు నీళ్ళదాకా వెళ్ళి తాడు పట్టుకుని వెనక్కి నడుస్తాడు, చివరికి రాగానే వదిలేసి మళ్ళీ ముందుకి పోతాడు. ఎవరో ఒకరు పదం అందుకుంటారు, మిగతావాళ్ళు "హైలెస్స" అని వంత పాడతారు. గంట గడిచింది. ఒడ్డుకి వచ్చింది తాడే, ఇంకా వల కనబడలేదు.

ఎండెక్కుతోందని మేం లేచాం. తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ తలెత్తి, "ఎల్లిపోతన్నారేటమ్మా? వల ఇంకా ఒడ్డెక్కనేదు కదా" అంది. ఆమె మందలించలేదు, నిజంగా ఆశ్చర్యపడింది. కథ సగంలో ఉండగా లేచిపోయేవాళ్ళని చూస్తే ఎవరికైనా కలిగే ఆశ్చర్యం అది. మళ్ళీ కూర్చున్నాం. ఇంకో గంటకి మా వారు చెప్పులు విప్పి తాడు పట్టుకున్నారు. ఎవరూ వద్దనలేదు, ఒక కుర్రాడు కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆఖర్న వల సంచి ఇసుక మీదికి వచ్చింది. నెత్తళ్ళు, కవ్వలు, నాలుగైదు పీతలు. రెండున్నర గంటలు ముప్ఫయ్ మంది పడిన కష్టానికి అది చాలా తక్కువని నాకే తెలిసింది. పంపకాలు మాత్రం నిదానంగా, గొడవ లేకుండా జరిగాయి. వలగలవాడి వంతు, పడవ వంతు, లాగినవాళ్ళ వంతు. మా వారి చేతిలోనూ గుప్పెడు నెత్తళ్ళు పెట్టబోతే ఆయన తీసుకోలేదు. ఆ తట్ట ఆవిడ తట్టలో వేయించారు.

ఇద్దరే వెళ్ళే ప్రయాణంలో ఒక సంగతి ఉంది. మొదటిరోజంతా మేం ఇంటినే మోసుకుని తిరిగాం. గ్యాసు కట్టామా, అమ్మాయి ఫోన్ చేసిందా, మేడ మీద ట్యాంకు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ మాటలన్నీ అయిపోయాయి. తర్వాత కాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ మౌనాన్ని భరించి కూర్చోవాలి. ఏదో ఒక చోటికి లేచి పోదామని ప్రాణం పీకుతుంది, అయినా లేవకూడదు. ఈ అభ్యాసంలో నాకు కష్టమనిపించింది అదే.

వల లాగిన రోజు సాయంత్రం మళ్ళీ మొగ దగ్గర కూర్చున్నాం. పోటు ఎక్కుతోంది, సముద్రం నీళ్ళు నదిలోకి నడుస్తున్నాయి. ఆయన ఉన్నట్టుండి, "అమ్మ అస్థికలు నేనే కలిపాను, అంతర్వేదిలో. ఇలాంటి చోటే" అన్నారు. మా అత్తగారు ఆయన చిన్నతనంలోనే పోయారని నాకు తెలుసు. పదకొండేళ్ళ పిల్లవాడు కుండ పట్టుకుని వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట నడుం లోతు నీళ్ళలో దిగాడని, పక్కనున్న నాన్న చెయ్యి వణుకుతుంటే ఆ చెయ్యి కూడా తనే పట్టుకున్నాడని 31 ఏళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. 2005లో రుషికొండలో పిల్లలు నీళ్ళలోకి రమ్మని లాగుతుంటే ఆయన సంచీల దగ్గర నిలబడిపోయారు. సామాను కాపలా అనుకున్నాను. ఆ రోజు మాకు అక్కడ దొరికింది ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఎవరు మాత్రం ఇలాంటి సంగతి చెబుతారు?

నాలుగో రోజు శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం. వంశధార ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒకప్పటి రేవు, ఇప్పుడు లైట్‌హౌసు, జాలరి పడవలు, విశాలమైన ఇసుక. నది పైకి కొద్ది దూరంలో శాలిహుండం కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు. ఆ స్తూపాల ఇటుకల విలువ 1919లో గుర్తించింది గిడుగు వెంకట రామమూర్తి గారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార సీమలోనిదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఏళ్ళ తరబడి ఉండి, సవరల మధ్య కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. జనం నోట్లో మాటని ఓపికగా విన్న మనిషికే కొండ మీద పడున్న ఇటుక కూడా కనబడిందంటే నాకు ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే గుణం.

ఇక్కడ మాకు చిన్న మాటపట్టింపు వచ్చింది. ఇంత దూరం వచ్చి శ్రీముఖలింగం వెళ్ళకపోవడం తప్పన్నాను నేను. నియమం నియమమే అన్నారాయన. అరపూట మాట్లాడుకోలేదు. సాయంత్రం ఆయనే వచ్చి "కార్తీకంలో దానికోసమే వద్దాం, రెండు రోజులుందాం" అన్నారు. అప్పటికి నాకూ ఆ ఇసుక వదిలి వెళ్ళాలని లేదు.

ఆఖరి మజిలీ బారువ, పౌర్ణమి నాడు. దారంతా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరితోటలని నేలకూల్చింది. ఆ తర్వాత నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. జీడిమామిడి పళ్ళ వాసన బస్సు కిటికీలోంచి లోపలికొచ్చింది. సాయంత్రం సూర్యుడు వెనక మహేంద్రగిరి వైపు దిగుతుంటే ముందు సముద్రంలోంచి చంద్రుడు లేచాడు. రెండింటి మధ్య ఇసుక మీద మేం. మర్నాడు తెల్లవారుజామున ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలారు. తల్లి తాబేలు వందకి పైగా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఏడెనిమిది వారాలకి పిల్లలు వాటంతటవే వస్తాయి. వెలుగున్న వైపుకి నడవడం వాటి స్వభావం, చీకట్లో ఎక్కువ వెలుగుండేది సముద్రం మీదే. ఒడ్డున దీపం కనబడితే అటు తిరుగుతాయి. అందుకే అక్కడ ఎవరూ ఫోన్ వెలిగించలేదు. నా దగ్గర ఆ ఉదయానికి ఫొటో లేదు. ఒక పిల్లని మొదటి అల వెనక్కి విసిరింది, రెండోసారీ విసిరింది, మూడోసారి తీసుకెళ్ళింది. మా వారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి చూశారు.

తేలినీలాపురం కొంగలు, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, అరసవిల్లి, ఇవేవీ ఈసారి చూడలేదు. ఆరు రోజుల్లో మేం చూసింది ఐదే చోట్లు. అవి కూడా చూశామనే అంటాను.

ఇద్దరే వెళ్ళాలనుకునేవాళ్ళు పెద్ద ఏర్పాట్లేమీ చేసుకోనక్కర్లేదు. విశాఖలో భీమిలి వెళ్ళే 900కె సిటీ బస్సు ఎక్కండి. తిరుగు ప్రయాణం వేళ ముందే పెట్టుకోకండి. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది.