తంగేడు పట్ట, కత్తి అంచు

మంగలికత్తికి పదునంతా సానరాయే ఇస్తుందనుకుంటారు చాలామంది. రాయి చేసేది సగం పనే. నూరిన అంచు కంటికి ఆననంత సన్నగా ఒక పక్కకు ఒరిగి, గరుకుగా ఉంటుంది. దాన్ని నిలబెట్టి నునుపు చేసేది తోలుపట్టీ. రాయి అవసరం ఎప్పుడో గానీ రాదు, తోలు మాత్రం గడ్డం గీసుకునే ప్రతిసారీ కావాలి. అందుకే కత్తి కొనేటప్పుడు పెట్టే శ్రద్ధలో సగమైనా పట్టీమీద పెట్టాలంటాను.

పాములపాడు, ఆత్మకూరు వైపు నల్లమల అంచున ఉన్నవాళ్లు ఈ తోలు కోసం విదేశాల వైపు చూడనక్కర్లేదు. మంచి పట్టీకి కావలసిన తోలును పదును చేసే తంగేడు పట్ట, కరక్కాయ ఈ మెట్టల్లో, ఈ అడవిలో దొరికేవే. ఒకప్పుడు మన పల్లెల్లో మాదిగలు సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోళ్లను, తంగేడు పట్ట కలిపిన లందలో రోజుల తరబడి ఊరవేసేవారు. మోట బావులకు తొండాలు, ఎద్దులకు పట్టెడలు, రైతులకు చెప్పులు ఆ చేతుల్లోంచే వచ్చాయి. ఈ విద్యను తక్కువ పనిగా చూసి మనం పోగొట్టుకున్నది చాలా ఉంది. తమిళనాడులో చెట్టుపట్టతో పదునుచేసే ఇలాంటి తోలుకే ‘ఈస్ట్ ఇండియా లెదర్’ పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇప్పుడు బజార్లో ఎక్కువగా ఉండేది క్రోమియం ఉప్పుతో చేసిన తోలు. మెత్తగా, సాగుతూ ఉంటుంది. సంచులకు బాగుంటుంది గానీ కత్తికింద లోపలికి అణిగి అంచును గుండ్రం చేస్తుంది. గుర్తుపట్టడానికి కోసిన అంచు చూడండి. రంగు వేయని క్రోమ్ తోలైతే మధ్యలో నీలం, బూడిదరంగు చార కనిపిస్తుంది. చెట్టుపట్టతో చేసిందైతే లోపలిదాకా గోధుమరంగే. గోరుతో నొక్కితే ముద్ర అలాగే నిలుస్తుంది.

తోలు వెన్ను పక్కనుంచి తీసిందై ఉండాలి. పొట్టభాగం సాగిపోతుంది. ఆవుతోలు పైభాగం నునుపు. గేదెతోలు దళసరి, గట్టిది, పైభాగం నునుపు చేయించుకోవాలి. వెడల్పు మూడంగుళాలుంటే కత్తి అలుగు మొత్తం ఒక్కసారే ఆనుతుంది. రెండంగుళాలైతే కొంచెం ఏటవాలుగా లాగాలి. బల్లమీద పరిస్తే ఎక్కడా పైకి లేవకూడదు.

వాడకంలో ఒకే నియమం: వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివర మలుపు కత్తి వీపుమీదే తిప్పాలి. అంచుమీద తిప్పితే తోలు తెగుతుంది. పట్టీని బిగించి పట్టి, కత్తి బరువుతోనే లాగండి. వదులైతే తోలు ఊయలలా వంగి పదును చచ్చిపోతుంది. ముందు పట్టీకి జతగా ఉండే గుడ్డమీద కాసిని, తర్వాత తోలుమీద ఓ ముప్పై, నలభై లాగులు చాలు. పొదిలో పట్టీ లేనప్పుడు అరచేతిమీదే కత్తి లాగిన పాతతరం నాయీబ్రాహ్మణుల నేర్పు చూసినవాళ్లకు తెలుస్తుంది, ఆ చేయి ఎంత తేలికో.

రక్తం ద్వారా సోకే రోగాల భయంతో సెలూన్లలో మార్చే బ్లేడ్లు వచ్చాయి, అది మంచి మార్పే. ఈ కత్తి, ఈ పట్టీ ఇప్పుడు ఒక్క మనిషివి. తోలుకు నూనె పూయకండి, ఎండలో వేలాడదీయకండి. వాడేముందు అరచేత్తో గట్టిగా రుద్దితే చాలు. పట్టీ అంచున చిన్న గాటు పడితే సన్న గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. మధ్యలో అడ్డంగా లోతుగా తెగితే మాత్రం పట్టీ మార్చాల్సిందే.