బరువుల పుస్తకాన్ని ఎట్టా చదవాలి?

దళిత ఆత్మకథ అంటే మనకి ఒక లెక్క కుదిరిపోయింది. ఆకలి ఉండాలి, వెలివాడ ఉండాలి, బళ్ళో అవమానం ఉండాలి, చివర్న ఉద్యోగమో ఉద్యమమో ఉండాలి. ఇవన్నీ నిజాలే. నా బతుకూ ఇదే. అయితే ఈ మధ్య నేను చదివిన ఒక ఆత్మకథలో వీటిల్లో ఒక్కటీ పేరుపెట్టి లేదు. అది అచ్చయిన పుస్తకం కాదు. సర్జరీలో పీజీ చేస్తున్న మా తమ్ముడు మూడేళ్ళుగా రాసుకుంటున్న నోటుబుక్కు. వాడు బరువులెత్తుతాడు. పవర్‌లిఫ్టింగ్. స్క్వాట్, బెంచ్‌ప్రెస్, డెడ్‌లిఫ్ట్ - ఈ మూడిట్లో ఎత్తిన పెద్ద బరువులు కూడితే వచ్చేదే ఫలితం. వాడి ఒప్పుదల మీదే ఆ నోటుబుక్కును ఇక్కడ సాహిత్యంగా చదువుతున్నాను. ఎవరన్నా నవ్వితే నవ్వనీండి.

ఒక పేజీలో ఇట్టా ఉంది: "ముప్పై ఆరు గంటల డ్యూటీ. నిద్ర మూడు గంటలు. డెడ్‌లిఫ్ట్ 150 కిలోలు. ఐదుసార్లు అనుకున్నా, మూడే లేచినయ్. మానేస్తా." రెండ్రోజుల తర్వాత: "నిద్ర ఆరు. 150, ఐదూ లేచినయ్." అంతే. ఏం మానేస్తాడో రాయలేదు. బరువులా, చదువా? ఆ 'మానేస్తా' మూడేళ్ళలో తొమ్మిదిసార్లు వచ్చింది.

మన సాహిత్యంలో మన ఒళ్ళు ఎట్టా కనపడిందో చూడండి. మా పల్నాడు నుంచే మొదలుపెడతా. కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవం జరుగుద్ది. మాల కన్నమదాసు బలం గురించి గొంతెత్తి పాడతారు. పాడితే ఏం, ఆ బలమంతా బ్రహ్మనాయుడి ఖాతాలోనే జమ. 1922లో వచ్చిన 'మాలపల్లి'లో సంగదాసు చౌదరయ్య దెబ్బకి ప్రాణం పోగొట్టుకుంటాడు. మా వినుకొండ జాషువా 1941లో రాసిన 'గబ్బిలం'లో నాయకుడికి తిండే లేదు, ఇంక బలమెక్కడిది? నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన చేసి 1967లో నీళ్ళు వదిలారని, రాతికట్టడపు ఆనకట్టల్లో అది మహా పెద్దదని బళ్ళో నేనే పాఠం చెప్తా. ఆ రాళ్ళు మోసిన భుజాల పాఠం మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మోసే ఒళ్ళు, తన్నులు తినే ఒళ్ళు, చచ్చే ఒళ్ళు. మనోళ్ళు కలం పట్టాక కూడా ఎక్కువగా ఇవే రాశాం. చదువుకున్న దళితుడు కథలోకి వచ్చేసరికి అసలు ఒళ్ళే మాయమైపోద్ది. ఇస్త్రీ చొక్కా, పెన్నూ, సంఘర్షణా మిగుల్తయ్. తనకోసం తాను పెంచుకునే ఒళ్ళు ఏదీ?

మా అయ్య నరసరావుపేటలో హమాలీ. 75 కిలోల బియ్యం బస్తా వీపు మీద పెట్టుకుని లారీ ఎక్కేవాడు. రోజుకెన్ని ఎత్తాడో గుమాస్తా పుస్తకంలో ఉండేది, మా ఇంట్లో ఉండేది కాదు. తమ్ముడి సంగతి విని "కూలీ లేకుండానే మోస్తన్నాడా వాడు?" అన్నాడు. మా ఇంట్లో ఎత్తిన బరువును సొంత చేత్తో రాసిపెట్టుకున్నవాడు వీడే మొదలు. ఊళ్ళో తాలింఖానా ఉండేది, ఆంజనేయస్వామి పటం పెట్టి. కోడి రామమూర్తి నాయుడి పేరు నేను దాని కిటికీ అవతల నిలబడే విన్నా.

ఇంకో సంగతి. బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. నేరస్థజాతి అని తెల్లదొరలు ముద్రేసిన ఎరుకలోళ్ళను తెచ్చి కూర్చోబెట్టిన ఊరు. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' సినిమా తీశారు. రాహుల్ పతకం తెచ్చిన ఐదేళ్ళకి, 2023లో, తీసింది కూడా 'టైగర్ నాగేశ్వరరావు'నే. ఆ ఊరి బలం తెర మీదికి రావాలంటే దొంగతనం చెయ్యాల్సిందేనా?

మళ్ళీ తమ్ముడి పుస్తకంలోకి వస్తా. కండ బరువు కింద పెరగదు, తర్వాత తిన్న తిండితో, పోయిన నిద్రలో పెరుగుద్దని వాడే చెప్పాడు. ఆ నిద్రే ఆసుపత్రి లాక్కుంటది. రెసిడెంటు డాక్టర్ల చేత మామూలుగా ఏకబిగిన 12 గంటలకు మించి పని చేయించొద్దని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యబృందం వారానికి 74 గంటలు దాటొద్దని సిఫారసు చేసింది. వాడి పుస్తకంలో వారాలు కూడి చూశా. వందకు తగ్గిన వారం అరుదు.

గంటలు అందరికీ ఒకటే అంటారు. గంటల్లో చేసే పని ఒకటేనా? ఆపరేషన్ బల్ల దగ్గర కత్తి ఎవరి చేతికొస్తది, రక్తం శాంపిళ్ళు పట్టుకుని లాబ్‌కి పరిగెత్తేది ఎవరు, ట్రాలీ తోసేది ఎవరు? ఎయిమ్స్‌లో దళిత, గిరిజన విద్యార్థుల పట్ల వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లో రాసింది. 2019లో ముంబయిలో డాక్టర్ పాయల్ తడ్వీ చనిపోయింది. మా వాడి పుస్తకంలో వీటి ఊసే లేదు. "ట్రాలీలు 11" అని ఒకచోట ఉంది. వ్యాయామం కింద లెక్కేశాడు!

విమర్శకుడిగా నాకు ఇక్కడే పేచీ. ఈ ఒంటిని నేను ప్రేమిస్తున్నా, మెచ్చుకుంటున్నా. 74 కిలోల మనిషి 180 కిలోలు నేల మీంచి లేపాడన్న పేజీ చదివి ఒంటరిగా ఈలేశా. అయితే ఆ బలం వాణ్ణి నిలబెడుతోందా, నోరుమూసుకుని ఓర్చుకోటానికి అలవాటు చేస్తోందా? మా అయ్యక్కూడా ఓర్పు ఉందనే మేస్త్రీలు మెచ్చుకునేవాళ్ళు. ఇదే అడిగితే తమ్ముడు కోప్పడ్డాడు. "అన్నా, రోజంతా మా ప్రొఫెసరు చెప్పిందే చేస్తా. ఆ గంట కూడా ఆయన గురించే రాయమంటావా?" వాడి మాటలో న్యాయం ఉంది. కాదన్లేను. దళితుడికి పొద్దస్తమానం దళితుడిగా ఉండకుండా ఒక గంట కావాలి, ఆ గంటకి మన విమర్శలో చోటు లేదు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు పుస్తకం మళ్ళీ చూశా. చివరి పేజీల్లో ఒకచోట బరువుల్లేవు. "ఎస్సీ, ఎస్టీ సెల్ గారికి" అని మొదలుపెట్టి సగం పేజీ రాశాడు. ఏ రోజు ఎవరికి కేసు ఇచ్చారో తారీఖులతో సహా ఉంది. కింద సంతకం లేదు. తర్వాతి పేజీలో స్క్వాట్ 150.