కత్తి విడిచిన తరువాత: రాయలసీమ పాఠక దృష్టిలో నాలుగు జపాన్ మాంగాలు

వ్యాససంగ్రహం:
జపాన్ చిత్రకథాసాహిత్యమైన మాంగా నేడు మన విద్యార్థుల పఠనంలో భాగమైంది. తెలుగు విమర్శ మాత్రం దానిని బాలల వినోదంగానే చూస్తోంది. పగ, కరువు, సేద్యం కర్నూలు, కడప ప్రాంతాల సాహిత్యానికి చిరపరిచితమైన వస్తువులు. ఆ సాహిత్యాన్ని చదువుకున్న పాఠకునిగా ‘హదాషి నో గెన్’, ‘నరుటో’, ‘విన్‌లాండ్ సాగా’, ‘వాగబాండ్’ అనే నాలుగు మాంగాలపై నా అభిప్రాయాలను ఈ వ్యాసంలో చర్చిస్తున్నాను. పగను చిత్రించే రచన విలువ దాని పోరాట ఘట్టాలలో లేదు. పగ ముగిసిన మరునాడు పాత్రలకు అది ఏ పని అప్పగించిందన్న దానిలో ఉంది. ఇదే ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: మాంగా, చిత్రకథనం, రాయలసీమ, ఫ్యాక్షన్, కరువు, సేద్యం, తులనాత్మక విమర్శ.

1. ప్రవేశిక:
1947 జూలైలో మద్రాసు నుండి ‘చందమామ’ వెలువడింది. దాని స్థాపకులలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడుకు చెందినవారు. అదే సంవత్సరం జపాన్‌లో తెజుకా ఒసాము గీసిన ‘షిన్ తకరజిమా’ వెలువడి యుద్ధానంతర మాంగాకు దారి వేసింది. ఒకే ఏట మొదలైనా ఈ రెండింటి దారులు వేరు. చందమామలో చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు ఎంత గొప్పవైనా కథను నడిపేది వాక్యమే. బొమ్మ దానికి తోడు. మాంగాలో కథను నడిపేది బొమ్మే. ఒక్క మాటైనా లేకుండా పుటల తరబడి కథ సాగుతుంది. ఒక క్షణాన్ని పది గడులుగా విడదీయడం, పదేళ్లను ఒక్క గడిలో దాటించడం అక్కడ సహజం. కుడి నుండి ఎడమకు చదవవలసిన ఆ పుటలకు మన కన్ను అలవాటు పడడానికి కొంత సమయం పడుతుంది.

మన విద్యార్థులు ఆ అలవాటును ఎప్పుడో దాటారు. వారు ఆంగ్లానువాదాలను ఫోను తెరమీద చదువుతున్నారు. 2025లో ‘డీమన్ స్లేయర్’ చలనచిత్రం తెలుగు డబ్బింగుతో మన థియేటర్లకు కూడా వచ్చింది. విద్యార్థి చదువుతున్నదానిని అధ్యాపకుడు చదవకపోతే, దానిలోని మంచిచెడులను నిర్ణయించే పని పూర్తిగా మార్కెట్టుకే మిగులుతుంది. ఈ చర్చకు ప్రేరణ అదే.

2. విమర్శకు కొలమానం:
1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’ తరువాత తెలుగు సినిమా రాయలసీమను వేటకొడవళ్ల సీమగా స్థిరపరచింది. ఆ చిత్రాలలో పగ రక్తంలోనే ఉంటుంది. దానికి ఆర్థిక కారణం ఉండదు. చనిపోయే అనుచరునికి ఇల్లు, అప్పు, పొలం ఉండవు. కె. బాలగోపాల్ వంటి పరిశీలకులు ఫ్యాక్షన్‌ను రక్తగుణంగా కాక, స్థానిక ఆధిపత్యానికీ రాజకీయాధికారానికీ వనరుల మీద పట్టుకూ సంబంధించిన విషయంగా చూశారు. సీమ సాహిత్యం మొదటినుండీ చెబుతున్నదీ ఇంచుమించు ఇదే. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో కథానాయకుడు నాయకుడో వీరుడో కాదు, రెక్కాడితే గాని డొక్కాడని రంగడు. కడప జిల్లా పల్లెల నుండి వచ్చిన కేతు విశ్వనాథరెడ్డి కథలలో కక్షల వెనుక నీరు, భూమి, పలుకుబడి కనిపిస్తాయి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’లో యువకుని ధైర్యానికి పరీక్ష కరువుకాలంలో గొర్రెలను బతికించుకోవడమే గాని, శత్రువును నరకడం కాదు.

ఈ సాహిత్యం నుండి మూడు ప్రశ్నలను కొలమానంగా తీసుకోవచ్చు. పగ వల్ల ఎవరికి లాభం? చనిపోయిన వాని లోటును రచన ఎంతవరకు మోసింది? కత్తి దింపిన చేతికి మరునాడు ఏ పని దొరికింది?

3. హదాషి నో గెన్: తొక్కినా లేచే పైరు
నకజావా కేజి ‘హదాషి నో గెన్’ 1973లో బాలుర వారపత్రికలో మొదలైంది. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడిననాడు రచయిత ఆరేళ్ల బాలుడు. కథలోని గెన్ తండ్రి యుద్ధాన్ని వ్యతిరేకించి ఇరుగుపొరుగు చేత దేశద్రోహి అనిపించుకుంటాడు. గోధుమ మొలకను తొక్కితే వేరు బలపడుతుందని, అలా బతకాలని పిల్లలకు చెబుతాడు. బాంబు పడినప్పుడు కూలిన ఇంటి కింద తండ్రి, అక్క, తమ్ముడు చిక్కుకొని, గెన్, అతని తల్లి కళ్లముందే మంటలలో మరణిస్తారు.

గుండ్రటి ముఖాలతో పిల్లల బొమ్మల పద్ధతిలో సాగే గీతకు, ఆ వస్తువుకు మధ్య ఉన్న వైరుధ్యమే ఈ రచన బలం. మరణాన్ని అందంగా గీయకపోవడం మరొక బలం. అంత విపత్తు తరువాత గెన్‌కు మిగిలిన పని ప్రతీకారం కాదు, పూట గడవడం. బియ్యం కోసం తిరగడం, తలదాచుకోను చోటు వెతుక్కోవడం కథలో అధికభాగం ఆక్రమిస్తాయి. గంజి కేంద్రాల జ్ఞాపకం గల సీమ పాఠకునికి ఈ భాగం పరాయిది అనిపించదు. అక్కడక్కడ ఉపన్యాస ధోరణి శ్రుతి మించినా, రెండవ ప్రశ్నకు ఈ నాలుగింటిలో అత్యంత నిజాయితీగా సమాధానం చెప్పిన రచన ఇదే.

4. నరుటో: సులభమైన క్షమ
కిషిమోతో మసాషి ‘నరుటో’ 1999 నుండి 2014 వరకు సాగి 72 సంపుటాలయింది. నలుగురూ దూరం పెట్టిన అనాథ బాలుడు ఊరి గౌరవం సంపాదించుకోవడం దాని ప్రధాన కథ. పగ పగను కంటుందన్న ఆలోచనను అది పెయిన్ అనే పాత్ర ద్వారా చర్చకు తెస్తుంది. పెద్ద రాజ్యాల యుద్ధాలకు రణరంగమైన చిన్న దేశంలో పుట్టి, తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాడతడు. శత్రువుకు కూడా ఒక చరిత్ర ఉంటుందని బాలపాఠకునికి చెప్పడం ఈ రచన సాధించిన విజయం.

అయితే అదే ఘట్టం ముగింపులో రచన తన ప్రశ్న నుండి తప్పుకుంది. నరుటో మాటలకు మనసు మారిన శత్రువు, ఆ దాడిలో తాను చంపిన ఊరివారిని తన ప్రాణమిచ్చి తిరిగి బతికిస్తాడు. క్షమించడం కష్టమయ్యేది చనిపోయినవారు తిరిగి రారు గనుకనే. ఆ కష్టాన్నే తొలగించిన తరువాత క్షమకు బరువు ఎక్కడిది? కక్షల కాలంలో భర్తనో కొడుకునో పోగొట్టుకొని, ఆ ఊరిలోనే, ఎదుటి వర్గం వారి ఇళ్లముందు నుండే నీళ్లకు వెళ్లవలసి వచ్చిన స్త్రీకి ఈ ముగింపు ఏమీ చెప్పలేదు.

5. విన్‌లాండ్ సాగా: పరుల పొలంలో సేద్యం
యుకిమురా మకోతో ‘విన్‌లాండ్ సాగా’ 2005లో మొదలై 2025లో ముగిసింది. పదకొండవ శతాబ్దపు ఐరోపాలో కథ జరుగుతుంది. తండ్రి థోర్స్‌ను చంపించిన ఆస్కెలాడ్‌పై పగ తీర్చుకోవడానికి బాలుడైన థార్ఫిన్ ఆ హంతకుని ముఠాలోనే చేరి, అతని కోసమే యుద్ధాలు చేస్తాడు. చివరకు ఆస్కెలాడ్ వేరొకరి చేతిలో మరణిస్తాడు. పగకు గురి లేకుండా పోయిన థార్ఫిన్ బానిసగా అమ్ముడై, కెటిల్ అనే భూస్వామి పొలం చేరుతాడు.

సీమ పాఠకునికి అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఐనార్ అనే మరొక బానిసతో కలిసి అతడు చెట్లు కొట్టి, మొద్దులు పెకలించి, గోధుమ విత్తుతాడు. తొలి మొలకను చూసే ఘట్టానికి రచయిత యుద్ధఘట్టానికి ఇచ్చినంత శ్రద్ధ ఇచ్చాడు. పదునులో విత్తిన గింజ మొలకెత్తే వరకు ఆకాశం వైపు చూసే రైతుకు ఆ శ్రద్ధ విలువ తెలుస్తుంది. అయినా ఆ పొలం థార్ఫిన్‌ది కాదు. కత్తి వదిలినవానికి భూమి దొరుకుతుందన్న తీయని అబద్ధాన్ని రచన చెప్పదు. ఆ పొలంలోనే బానిస స్త్రీ ఆర్న్‌హెయిడ్ యజమాని దెబ్బలకు మరణిస్తుంది. మెతకవాడుగా కనిపించే కెటిల్ క్రూరుడుగా మారడం, ఆధిపత్యం స్వభావం మీద కాక ఆస్తి మీద ఆధారపడి ఉందని చూపుతుంది.

మొదటి ప్రశ్నకు కూడా ఇక్కడ సమాధానం ఉంది. రాజు కనూట్ ఆ పొలం మీదికి వచ్చేది పగతో కాదు. సైన్యాన్ని పోషించే ఆదాయం కోసం. అతనితో మాట్లాడే అవకాశం కోసం థార్ఫిన్ ఎదురు దెబ్బ తీయకుండా నూరు దెబ్బలు భరిస్తాడు. చిక్కిన శత్రువుకు సైతం మేలే చేయమన్న వేమన మనవాడు. ఈ నీతి మనకు దిగుమతి సరుకు కాదు. దానిని ఆచరించే దేహం ఎంత బాధ పడుతుందో గడి వెంట గడిగా చూపడమే ఈ రచన కొత్తదనం.

6. వాగబాండ్: గెలవలేని నేల
యోషికావా ఎయిజి నవల ‘ముసాషి’ ఆధారంగా ఇనోవే తకెహికో ‘వాగబాండ్’ను 1998లో ప్రారంభించాడు. 37 సంపుటాలు వెలువడిన తరువాత 2015 నుండి అది అసంపూర్ణంగా నిలిచిపోయింది. డెబ్బై మందిని ఒంటరిగా ఎదిరించి గెలిచిన ముసాషి, ఒక పేదపల్లెలో అనాథ బాలుడు ఇయోరితో కలిసి బీడును సాగు చేయబూనుతాడు. నేల అతని బలానికి లొంగదు. ఆకలితో పల్లె చచ్చిపోతుంటే, ఎవరికీ తలవంచని ఆ ఖడ్గవీరుడు అధికారుల ముందు తలవంచి ఊరి కోసం తిండి అడుగుతాడు.

కుంచెతో గీసిన ఈ పుటలలో మాట తక్కువ. మట్టి, నీరు, చేతులు ఎక్కువ. కె.సి. కెనాల్ నీరందే ఊరికీ అందని ఊరికీ మధ్య తేడా చూసినవారికి ఆ మౌనం అర్థమవుతుంది. కరువు ముందు వీరత్వం పనికిరాదని ఇంత సూటిగా చెప్పిన దృశ్యకథనం నా పఠనంలో మరొకటి లేదు.

7. అభ్యంతరాలు:
‘విన్‌లాండ్ సాగా’, ‘వాగబాండ్’ రెండూ హింసను విడిచే ముందు వేల పుటలలో దానిని ఆకర్షణీయంగా గీశాయన్నది నిజం. హింసతో పాఠకుని పిలిచి, ఆపై దానిని ఖండించడం సినిమా కూడా చేస్తున్నదే. 2018లో వచ్చిన ‘అరవింద సమేత వీర రాఘవ’ స్త్రీల వైపు నుండి కక్షలను ప్రశ్నించినా, కత్తి దింపిన తరువాతి జీవితానికి తగిన నిడివి ఇవ్వలేదు. రెండున్నర గంటల సినిమాకు లేని వ్యవధి ఏళ్ల తరబడి సాగే మాంగాకు ఉందన్న సమాధానం కొంతవరకే చెల్లుతుంది. వ్యవధి ఉన్న ‘నరుటో’ కూడా సులభమార్గాన్నే ఎంచుకుంది గదా. కాబట్టి తేడా ప్రక్రియలో కంటే రచయిత ఎంపికలోనే ఎక్కువగా ఉంది.

8. ముగింపు:
ఈ నాలుగు రచనలలో ‘గెన్’ మరణాన్ని, ‘విన్‌లాండ్ సాగా’ భూమినీ ఆధిపత్యాన్నీ, ‘వాగబాండ్’ కరువును గంభీరంగా తీసుకున్నాయి. ‘నరుటో’ మంచి ప్రశ్న వేసి సమాధానాన్ని దాటవేసింది. కత్తికి బదులు మడక పట్టించడం దానంతట అదే పరిష్కారం కాదు. ఆ మడక ఎవరి పొలంలో నడుస్తోందో కూడా చెప్పినప్పుడే రచన పూర్తవుతుంది. సీమ కథకులు దీనిని వాక్యాలలో చెబుతూనే ఉన్నారు. అదే కథను బొమ్మలలో చెప్పగల చిత్రకారులు మనకు రావాలి. తెలుగు శాఖలు చిత్రకథనాన్ని తులనాత్మక అధ్యయనంలోకి తీసుకుంటే, కొడవలి బొమ్మ తప్ప సీమకు మరో బొమ్మ చూడని తరానికి వేరొక బొమ్మ చూపగలుగుతాం.