కుందేలు చెప్పిన అమెరికా చరిత్ర

1954 నాటి 'యాంకీ డూడుల్ బగ్స్' కార్టూన్‌లో బెట్సీ రాస్ జెండా కుడుతుంటుంది. చారలు కుదిరాయి గానీ ఇంకా ఏదో వెలితిగానే ఉంది. ఆలోచిస్తూ అటూ ఇటూ తిరుగుతున్న బగ్స్ బన్నీ అనే కుందేలు, ఆకులు ఊడ్చే రేక్ మీద కాలేస్తాడు. కర్ర లేచి ఠపీమని తగులుతుంది, కళ్ల ముందు చుక్కలు గిర్రున తిరుగుతాయి. అమెరికా జెండాకు నక్షత్రాలు అలా వచ్చాయట!

పిల్లలు పగలబడి నవ్వే ఈ ఘట్టంలో గడుసుతనం చాలా ఉంది. బెట్సీ రాస్ తొలి జెండా కుట్టిందన్న కథ లోకానికి తెలిసిందే 1870లో, ఆమె మనవడు విలియం క్యాన్‌బీ ఫిలడెల్ఫియాలో చెప్పాక. అందుకు ఇంటి మాటే తప్ప ఆనాటి కాగితం ఆధారం లేదు. అంటే పాఠ్యపుస్తకాల కథే కట్టుకథకు దగ్గర. కార్టూన్ దాని మీద మరో కట్టుకథ అల్లింది. పైగా దర్శకుడు ఫ్రిజ్ ఫ్రీలెంగ్ నిజాయితీగా హెచ్చరిక కూడా పెట్టాడు. మామ బగ్స్ చెప్పిన చరిత్ర నమ్మి పరీక్షకు వెళ్లిన మేనల్లుడు క్లైడ్, మొద్దబ్బాయిలకు పెట్టే కోణం టోపీతో ఇంటికొస్తాడు.

మహానుభావుడి పక్కన ఒక అల్పప్రాణిని నిలబెట్టడం ఈ కార్టూన్ల ప్రధానమైన కిటుకు. డిస్నీ వారి 'బెన్ అండ్ మీ' (1953)లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తెలివంతా ఆమోస్ అనే ఎలుకది. 1959లో మొదలైన పీబాడీ కథల్లో కుక్క మహామేధావి, షెర్మన్ అనే కుర్రాడు దాని పెంపుడు మనిషి. కాలయంత్రంలో వాళ్లు వెళ్లేసరికి చరిత్రపురుషులు చేయాల్సిన పని మానేసి తికమకపడుతుంటారు. కుక్కే వాళ్లను దారిలో పెట్టాలి. మన తోలుబొమ్మలాటలో రావణుడి కొలువులోకి కేతిగాడు జొరబడినట్టే ఇదీ. అయితే అసలు కథ తెలియనివాడికి కేతిగాడు కూడా నవ్వు తెప్పించలేడు. ఈ కార్టూన్ల విలువ అక్కడే ఉందని నా అభిప్రాయం. అబద్ధం బాహాటంగా కనిపిస్తుంది కాబట్టి, నిజమేమిటో తెలుసుకోవాలన్న దురద పుడుతుంది.

కొన్నిసార్లు వ్యంగ్యం లోతుకూ పోతుంది. 'సదరన్ ఫ్రైడ్ రాబిట్' (1953)లో యోసెమిటీ శామ్ అంతర్యుద్ధం ఇంకా ముగియలేదనుకుని సరిహద్దు కాస్తుంటాడు. చివరికి యాంకీలు, అంటే ఉత్తరాదివాళ్లు, వచ్చారనగానే తుపాకీ పట్టుకుని పోయి న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టును అటకాయిస్తాడు. ఓడిన దక్షిణాది మొండిపట్టు మీద ఇంతకన్నా మంచి చురక అరుదు. కానీ అదే కార్టూన్‌లో బగ్స్ నల్లజాతి బానిసలా వేషం వేసే ఘట్టం ఉంది. దాన్ని తర్వాత టీవీలో కత్తిరించారు. బానిసత్వం నవ్వులాట సరుకైపోవడం ఆనాటి స్టూడియోకు తప్పనిపించలేదు.

1970ల 'స్కూల్‌హౌస్ రాక్' దారి వేరు. అది పాటతో పాఠం చెప్పింది. అమెరికా కాంగ్రెస్ భవనం మెట్ల మీద దిగాలుగా కూర్చున్న బిల్లు, తాను చట్టం కావడానికి పడే పాట్లు ఏకరువు పెట్టే 'ఐయామ్ జస్ట్ ఎ బిల్' (1976) ఎన్ని పౌరశాస్త్ర పాఠాల పెట్టో! అదే ఏడాది వచ్చిన 'ఎల్బో రూమ్' మాత్రం నాకు మింగుడుపడదు. పడమటికి విస్తరించడాన్ని అందులో హుషారుగా పాడారు. 1803 లూసియానా కొనుగోలు ఉంది, దారి చూపిన సకజవేయా ఉంది. ఆ నేల మీద అప్పటికే ఉన్న జాతులను తరిమేసిన సంగతి లేదు. కుందేలు అబద్ధాన్ని ఆరేళ్ల పిల్లాడైనా పట్టేస్తాడు, ఈ మౌనాన్ని పట్టుకోవడం వాడి వల్ల కాదు.

అమెరికా టీవీలో పిల్లలకు వారానికి మూడు గంటల విద్యా కార్యక్రమాలు ఉండాలని 1996లో నిబంధన వచ్చాక, ఆ కోటాలో పుట్టిన 'హిస్టీరియా!' (1998) ఈ చిక్కును కొంత గ్రహించింది. అందులో లిడియా కారియోకీ అనే సెన్సారు అధికారిణి పాత్ర ఉంది. కథ కాస్త ఇబ్బందికరంగా మారగానే ఆమె ఊడిపడి అడ్డుతగులుతుంది. ఏదో దాస్తున్నారని పిల్లలకు అర్థమైపోతుంది.