బాణీ లేని రేకులు

పాట కట్టే కుర్రాళ్లు ఇవాళ ముందు బాణీని ఫోన్‌లో పాడి దాచుకుంటారు. మాటలు కుదరనిచోట ‘తానన్నా’ అని నింపి, సాహిత్యం సంగతి తర్వాత చూసుకుంటారు. తాళ్లపాక అన్నమయ్య పాటలు మనకు దక్కిన తీరు దీనికి తలకిందులు. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, ప్రతి పాటకూ రాగం పేరు ఉంది. బాణీ మాత్రం లేదు.

ఆయన పదహారో ఏట, శక సంవత్సరం 1346లో, అంటే 1424లో పాడటం మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా పాడారని రేకులే చెబుతున్నాయి. కొడుకు పెద తిరుమలాచార్యులు ఆ పాటలను రేకుల మీద చెక్కించి తిరుమల సంకీర్తన భండారంలో భద్రపరిచారు. తర్వాతెప్పుడో, తెలుగు వ్యాకరణం రాసిన ఎ.డి. క్యాంప్‌బెల్ మనిషిని పంపి ఆ రేకులు చూపిస్తే, దాదాపు అన్నీ దేవుడి మీది పాటలేనని తేలింది. 1816 నాటి ఆ వ్యాకరణంలో ఆయనే ఆ మాట రాశాడు.

శ్రీకాళహస్తి కవి ధూర్జటి పద్యానికి ఈ చిక్కు లేదు. శార్దూల మత్తేభాల నడక గణాల్లోనే ఉంటుంది కాబట్టి తాటాకు చూసి చదివినా లయ తప్పదు. అన్నమయ్య పదం అలా కాదు. గొంతు ఎక్కడ సాగాలో, ఎక్కడ విరగాలో రాతకు అందదు.

అయినా కొన్ని ఆనవాళ్లున్నాయి. రెండో అక్షరపు ప్రాస పాదాల హద్దు చూపిస్తుంది. చాలా చరణాల చివర వాక్యం పల్లవితో కలిస్తేనే పూర్తవుతుంది. ఎక్కడ మళ్లాలో అర్థమే చెప్తుందన్నమాట. మాత్రలు లెక్కగడితే మూడు, నాలుగు, ఐదు, ఏడు నడకల్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

ఇక గొబ్బి, సువ్వి, కోలాటం, జాజర, తుమ్మెద, లాలి వంటివి అన్నమయ్య పల్లె నోటినుంచి తీసుకున్న మట్లు. వీటి తాళం జనం చేతుల్లో ఉంది. సువ్వి అంటే రోకలి లేచి పడే వ్యవధి. గొబ్బి అంటే గొబ్బెమ్మ చుట్టూ చప్పట్లు చరుస్తూ తిరిగే అడుగు. కోలాటానికి కోల దెబ్బే కొలత.

ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు రేకులను పరిష్కరిస్తే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ స్వరాలు కట్టారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక ఆ పాటలు ఇంటింటికీ చేరాయి. ఇవాళ మనం వినేది ఐదు వందల ఏళ్ల మాటకు మన కాలపు బాణీ. అందులో తప్పేమీ లేదు, కాకపోతే స్వరకర్త పేరు కూడా చెప్పడం మర్యాద.

జానపద మట్ల విషయంలో మాత్రం ఇంకో పని మిగిలి ఉంది. చిత్తూరు, కడప పల్లెల్లో పెద్ద ముత్తైదువలు పాడే గొబ్బి, దంపుళ్ల పాటలను రికార్డు చేసి, రేకుల్లోని మాత్రలతో పోల్చి చూడాలి. ఆనాటి బాణీ అచ్చంగా దొరక్కపోవచ్చు గానీ, ఏ అడుగు మీద ఆ మాట నిలబడిందో తెలుస్తుంది. రాగి ఐదు శతాబ్దాలు ఆగింది, ఇంకా ఆగుతుంది. బియ్యం మిల్లు వచ్చాక రోకలి మూలపడింది, దాని పాట తెలిసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. తొందరపడాల్సింది అక్కడ.